28 అంగుళాల కాలు, 765 మిల్లీమీటర్ల సీటు

పొట్టిగా ఉన్నవాళ్లు క్రూజర్ బండి, అంటే కాళ్లు కాస్త ముందుకి పెట్టుకుని నిటారుగా కూర్చుని నడిపే రకం, అడిగితే షోరూమ్‌లో మొదట చెప్పేది సీటు ఎత్తు. ఆ అంకె నిజమే కానీ దాన్ని ఒక్కదాన్నే నమ్ముకుంటే లెక్క తేలదు. నేను గుంటూరు బ్రాడీపేటలో టైలర్ని. మనిషి ఎత్తు చూసి ప్యాంటు కుట్టేయలేం, లోపలి పొడవు తీసుకోవాలి, అంటే తొడల మధ్య నుంచి మడమ దాకా. నా ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు, లోపలి పొడవు 28. నా దగ్గర కుట్టే కుర్రాడు నాకన్నా అంగుళం పొట్టి, అయినా వాడి లోపలి పొడవు 29 పైనే ఉంటుంది. ఒకే బండి ఎక్కిస్తే వాడికి పాదం సగానికి పైగా ఆనుతుంది, నాకు మునివేళ్లే. అందుకని ‘ఐదడుగుల మూడంగుళాలకి ఏ బండి బాగుంటుంది’ అని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు. కాలు ఎంతో చెప్పండి, అప్పుడు మాట్లాడుకుందాం.

ఇంట్లోనే కొలుచుకోవచ్చు. చెప్పులు విప్పి గోడకి ఆనుకుని నిలబడండి. గట్టి అట్ట ఉన్న పుస్తకం ఒకటి కాళ్ల మధ్య పెట్టుకుని, సీటు మీద కూర్చున్నట్టు పైకి నొక్కి, దాని పై అంచు గోడ మీద ఎక్కడికొస్తే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టండి. నేల నుంచి ఆ గీత దాకా మీ కాలు. ప్యాంటు కొలత చెప్పి సరిపెట్టకండి, ప్యాంటుకి మేం వదులు పెడతాం.

నాకు క్రూజర్ ఎందుకంటే, పొద్దున్నుంచి రాత్రి దాకా మిషన్ మీద వంగే పని నాది. గుడ్డ కోసం విజయవాడ వన్‌టౌన్‌లో వస్త్రలతకి వెళ్తుంటాను. వెళ్లేటప్పుడు తరచుగా వెనక మా ఆవిడ, వచ్చేటప్పుడు తాన్లు. వంద సీసీ బండి మీద ముందుకి వాలి వెళ్లి రావడం నడుముకి పడటం లేదు. నిటారుగా కూర్చుని, కాళ్లు కాస్త ముందుకి పెట్టుకుని, చేతులు వదులుగా వదిలేసి నడిపే బండి కావాలి. 2005లో బజాజ్ వాళ్ల అవెంజర్ వచ్చినప్పటి నుంచి ఆ తరహా బళ్లంటే నాకు ప్రాణం. పిల్లల చదువులయ్యాక ఇప్పటికి కుదిరింది.

షోరూములకి వెళ్లేటప్పుడు మెళ్లో టేపు వేసుకునే వెళ్లాను. బండిని సైడ్ స్టాండ్ మీద ఉంచి ‘కూర్చోండి సార్, చూశారా, కాలు ఎంత బాగా ఆనిందో’ అంటారు. ఎడమకి వాలి ఉన్న బండి మీద ఎడమ కాలు ఎవరికైనా ఆనుతుంది. స్టాండ్ తీయించి, బండి నిలువుగా పెట్టుకుని, మీ రెండు కాళ్ల మధ్య బరువు తెలిసేటట్టు కూర్చోవాలి. ఒక చోట స్టాండ్ తీయనివ్వం అన్నారు. అక్కడ ఇంక ఆగలేదు.

ఇక టేపు పని. సీటు ఎత్తు అంటే నేల నుంచి సీటు మధ్య దాకా నిలువు కొలత. మన కాళ్లు నిలువుగా దిగవు కదా, సీటు వెడల్పుని చుట్టుకుని పక్కలకి జరిగి దిగుతాయి. అందుకని కుడి పక్క నేల మీద టేపు మొదలు పెట్టి, తొడలు ఆనే చోట సీటు మీదుగా తెచ్చి, ఎడమ పక్క పాదం పెట్టే చోట నేలకి దించాలి. వచ్చిన కొలతలో సగం మీ లోపలి పొడవుతో పోల్చాలి. బీఎండబ్ల్యూ వాళ్లు తమ మోటార్‌సైకిళ్ల వివరాల్లో ఈ కొలతనే లోపలి కాలి వంపు అని విడిగా వేస్తారు. హార్లీ వాళ్లు మనిషి కూర్చున్నాక సీటు ఎంత ఎత్తులో ఉంటుందో కూడా ఇస్తారు. మన కరపత్రాల్లో ఎక్కువగా సీటు ఎత్తు ఒక్కటే కనపడుతుంది కాబట్టి మన టేపు మనమే పట్టుకెళ్లాలి.

అవెంజర్ 220 క్రూజ్ సీటు 737 మిల్లీమీటర్లు, అంటే 29 అంగుళాలు. బరువు 163 కేజీలు. ఎక్కగానే రెండు పాదాలూ మడమలతో సహా ఆనాయి. హ్యాండిల్ మన దగ్గరికే వస్తుంది. ఊళ్లో తిరగడానికి, మొదటిసారి క్రూజర్ ఎక్కేవాళ్లకి, ఒంటరిగా వెళ్లేవాళ్లకి ఇంతకన్నా తేలికైనది చూపించలేను. నేను ఆగింది ఒక్క చోటే: కాళ్లు ముందుకి చాచే కొద్దీ ఒంటి బరువంతా నడుము కిందకి దిగుతుంది. నా రోగమే అక్కడుంది. నడుము బాగున్నవాళ్లకి ఈ మాట వర్తించదు.

జావా 42 బాబర్ సీటు 740, బరువు 175. చూడటానికి చక్కగా ఉంది, ఎక్కడా వెలితి లేదు. కానీ అది ఒక్కరు కూర్చునే బండి. మా ఆవిడ షోరూమ్ గుమ్మంలోనే నిలబడి ‘ఏవండీ, మరి నేనెక్కడ కూర్చోను?’ అంది. అంతటితో ఆ మాట అయిపోయింది.

కవాసాకీ ఎలిమినేటర్ సీటు 735 మిల్లీమీటర్లు. పొట్టివాళ్లకోసమే గీసినట్టుంటుంది. 2024 జనవరిలో మన దేశంలోకి వచ్చినప్పుడు దాని ధర 5.62 లక్షలు, ఎక్స్‌షోరూమ్. నా కొట్టుకి అది అందే ధర కాదు.

ఇక్కడ ఒక్క విషయం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే పొట్టివాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. రాయల్ ఎన్‌ఫీల్డ్‌లో మెటియోర్ 350 సీటు 765, సూపర్ మెటియోర్ 650 సీటు 740. కాగితం మీద చూస్తే పెద్ద బండే అంగుళం తక్కువ ఎత్తు, పొట్టివాళ్లకి అదే మేలనిపిస్తుంది. బరువులు చూడండి: మెటియోర్ 191 కేజీలు, సూపర్ మెటియోర్ 241. ఆ తేడా యాభై కేజీలు, అంటే రెండు బియ్యం బస్తాలు. కదులుతున్నప్పుడు ఆ బరువు తెలియదు, పైగా తారు రోడ్డు మీద పరుపులా పోతుంది. తెలిసేది బ్రాడీపేట లైన్లలో, కొట్టు ముందు నుంచి వెనక్కి నెట్టుకోవాల్సి వచ్చినప్పుడు. చక్రాల మధ్య దూరం కూడా 1400 మిల్లీమీటర్లకి బదులు 1500, తిప్పుకోవడానికి ఇంకాస్త చోటు కావాలి. నేలకీ బండి కడుపుకీ మధ్య ఖాళీ చిన్నదానికి 170, పెద్దదానికి 135. మన వీధుల్లో ఎవరి ఇంటి ముందు వాళ్లు పోయించుకున్న స్పీడ్ బ్రేకర్లు గుర్తు తెచ్చుకోండి. కాలు ఆనడం ఒక లెక్క, ఆనిన కాలితో బండిని నెట్టగలగడం ఇంకో లెక్క. మునివేళ్లే ఆనుతుంటే నెట్టే బలం రాదు.

మెటియోర్ నా కాలికన్నా రెండంగుళాలు ఎత్తు. అయినా అదే తీసుకున్నాను, స్టెల్లార్ రకం. ఎందుకు కుదిరిందంటే, బూటు మడమ దాదాపు అంగుళం ఇస్తుంది. మనిషి కూర్చోగానే వెనక షాక్ అబ్జార్బర్లు కొంత కుంగుతాయి. సీటు ముందు భాగం సన్నబడుతుంది కాబట్టి ఆగేటప్పుడు ఒక్క బెత్తెడు ముందుకి జరిగితే కాళ్లు దగ్గరికొచ్చి నిలువుగా దిగుతాయి. ఒంటరిగా ఉన్నప్పుడు నాకు పాదం ముందు భాగం గట్టిగా ఆనుతుంది, మడమ వేలెడు లేస్తుంది. మా ఆవిడ ఎక్కిందంటే మడమ కూడా ఆనుతుంది. నాకు ఇంకొకరిని ఎక్కించుకున్నప్పుడే బండి మీద ఎక్కువ పట్టు ఉంటుందని ఎవరూ ముందు చెప్పలేదు, ఎక్కి చూస్తేనే తెలిసింది.

సీటు ఎత్తు కన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది వెనక ఆనుకునే దిండు. ఫైర్‌బాల్ రకానికి అది ఉండదు, స్టెల్లార్‌కి ఉంటుంది. పొడుగువాళ్లు కాలు వెనక నుంచి అర్ధచంద్రంలా తిప్పి ఎక్కేస్తారు. మన కాలు ఆ దిండు దాటదు. మోకాలు మడిచి, ముందు సీటుకీ దిండుకీ మధ్య నుంచి కాలు జార్చాలి. పంచె కట్టినవాళ్లకి కష్టం, బిగుతు ప్యాంటుకి ఇంకా కష్టం. ఇప్పుడు నా ప్యాంట్లకి తొడ దగ్గర అంగుళం వదులు పెట్టి కుట్టుకుంటున్నాను. వెనక తాన్లు కట్టి ఉంటే కాలు జార్చే సందు కూడా ఉండదు, అందుకని ముందు నేనెక్కి కూర్చుంటాను, తర్వాత కొట్టు కుర్రాళ్ల చేత కట్టిస్తాను. ఇంత తిప్పలుందని తెలిసీ దిండున్న బండే ఎందుకంటే, చీర కట్టుకుని పక్కకి కూర్చునే మనిషికి హైవే మీద ఆ దిండు ఆసరా. ఒంటరిగా తిరిగేవాళ్లు మాత్రం ఫైర్‌బాల్ చూసుకోవాలి.

నడిపి చూసేటప్పుడు షోరూమ్ వాళ్లు చదునైన బందరు రోడ్డు మీద ఒక చుట్టు తిప్పించి దింపేస్తారు. అది చాలదు. మన రోడ్లు నడుమ ఎత్తుగా, అంచులు పల్లంగా ఉంటాయి. మనం ఆగేది ఎడమ అంచున, దించేది ఎడమ కాలు, కుడి కాలు వెనక బ్రేకు మీద. అంటే పల్లంగా ఉన్న వైపే మన కాలు దిగాలి. చదునులో మునివేళ్లతో నెట్టుకొచ్చిన కాలు అక్కడ గాల్లో ఉంటుంది. అందుకే రెండు కాళ్ల సంగతి పక్కన పెట్టి, అంచు పల్లంలో ఎడమ కాలొక్కటే దించి, కుడి కాలు బ్రేకు మీదే ఉంచి నిలబడగలరా చూసుకోండి. పండగ రోజుల్లో ప్రకాశం బ్యారేజీ మీద ఆగుతూ కదులుతూ పోయే వరసలో, ఫ్లైఓవర్ ఎక్కే ఏటవాలులో చేయాల్సింది ఇదే. నేను కొనకముందే మా ఆవిడని ఎక్కించుకుని ఏటవాలు మీద ఆపి, మళ్లీ కదిలించి చూశాను. ఇంజను కింది వేగంలోనే లాగుతుంది కాబట్టి, నిమిషానికి 4000 తిప్పుల దగ్గరే 27 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం), క్లచ్ వదులుతుంటే వెనక్కి జారకుండా కదిలింది. పొట్టివాడికి ఈ గుణం గొప్ప ధైర్యం. కాలు తడుముకోవాల్సిన క్షణం తగ్గుతుంది.

చేతుల సంగతి కూడా చూడాలి. నిటారుగా వెళ్లేటప్పుడు హ్యాండిల్ అందిందని సంబరపడొద్దు, పూర్తిగా ఒక వైపు తిప్పి చూడండి. బయటి వైపు చేయి ఎంత సాగుతుందో అప్పుడు తెలుస్తుంది. ఒళ్లు సీటు నుంచి లేస్తుంటే ఆ బండితో సందులో యూ టర్న్ కష్టం. మెటియోర్‌లో నా చేయి సరిగ్గా చివరికొచ్చింది, మోచేయి పూర్తిగా బిగుసుకోలేదు. ఇంకో అంగుళం వెడల్పుంటే వదిలేసేవాణ్ణే.

ఈ బండిలో నాకు తక్కువనిపించింది వేగం. ఇంజను బలం 20 గుర్రాల పైచిలుకు, 191 కేజీల బండి, ఇద్దరు మనుషులు. మంగళగిరి దాటాక లారీని గబుక్కున దాటాలంటే గేరు తగ్గించి, ముందే లెక్క వేసుకోవాలి. ఎనభై దగ్గర మాత్రం నడుముకి, చేతులకి ఏ అలసటా లేకుండా సాగిపోతుంది. నాకు అదే వేగం కావాలి.

కొన్నాక చేయించుకోవాల్సింది ఒకటుంది. వెనక షాక్ అబ్జార్బర్ల బిగింపు ఆరు మెట్లలో మార్చుకోవచ్చు. ఒంటరిగా తిరిగేటప్పుడు మెత్తటి మెట్టు మీద పెట్టించుకుంటే మనిషి బరువుకి సీటు ఇంకాస్త దిగుతుంది. చేయించుకోకూడనిది, సీటులో ఫోమ్ కోయించడం. అంగుళంన్నర కోస్తే కాలు ఆనుతుంది గానీ కింద గట్టి అడుగు తగిలి ఇరవై కిలోమీటర్లకే తొడలు పట్టేస్తాయి. నేను దిండ్లూ కుడతాను, నొక్కితే మళ్లీ లేచే మందం తీసేశాక ఎంత మంచి గుడ్డ కప్పినా లాభం లేదు. మరీ అవసరమైతే మధ్య మందం అలాగే ఉంచి, ముందు రెండు అంచులు మాత్రం ఏటవాలుగా చెక్కించండి. మనకి అడ్డొచ్చేది ఆ అంచులే.

ధర విషయం రెండు ముక్కల్లో. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా బళ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది, ఆ పైన ఉన్నవాటికి 40 శాతం అయింది. మెటియోర్ ఇంజను 349 సీసీ కాబట్టి తక్కువ పన్నులో పడింది. 350కీ 650కీ మధ్య ఊగేవాళ్లకి ఇప్పుడు ఆ దూరం మరీ పెరిగింది.

మొన్న ఒక ఖాతాదారు తన కూతుర్ని తీసుకొచ్చారు, లా చదువుతున్న అమ్మాయి, క్రూజర్ కొనాలని పట్టు. లోపలి పొడవు కొలిస్తే 26 ముప్పావు. మెటియోర్ ఎక్కించి చూశాం, మునివేళ్లే అందాయి. అవెంజర్ చూడమ్మా, బూట్లు వేసుకుని వెళ్లు, స్టాండ్ తీయమని అడుగు, ఎడమ కాలొక్కటే దించి చూడు అని చెప్పి, నా పాత టేపు ఒకటి ఇచ్చి పంపించాను.