వైజాగ్ ఉక్కపోతలో డిగ్నిక్స్ 09సి: ప్రో ఆటగాళ్ల రబ్బరు మనకు పనికొస్తుందా?

ముందే చెప్పేస్తున్నా. బటర్‌ఫ్లై డిగ్నిక్స్ 09సి గొప్ప టీటీ (టేబుల్ టెన్నిస్) రబ్బరే, అంటే బ్యాట్ చెక్క మీద అతికించే షీటు, అందులో వాదన లేదు. కానీ వైజాగ్‌లో ఆఫీసు అయ్యాక హాలుకెళ్లి ఆడుకునే వాళ్లు ఒక్కో షీటుకి ఆరేడు వేలు పోసి బ్యాట్‌కి రెండు వైపులా దీన్నే వేసుకోవాలా అంటే మాత్రం వద్దనే అంటాను. ఫోర్‌హ్యాండ్ వైపు ఒక్కటి, అదీ చేతిలో స్వింగ్ ఉంటే, సరే. ఎందుకంటే ఈ రబ్బరు గురించి యూట్యూబ్‌లో వినే పొగడ్తలన్నీ కొత్త షీటు గురించి. ప్రో ఆటగాడి బ్యాట్ మీద షీటు ఎప్పుడూ కొత్తదే. మన బ్యాట్ మీద అది కొత్తగా ఉండేది కొద్ది రోజులు, మిగతా నెలలన్నీ పాతబడుతూనే ఉంటుంది. నేను రాసేది ఆ మిగతా నెలల గురించి.

తెలియని వాళ్ల కోసం కొంచెం. బటర్‌ఫ్లై అనేది జపాన్‌కి చెందిన తమాసు కంపెనీ బ్రాండు. 2008లో వాళ్ల టెనర్జీ 05 వచ్చింది, 2019లో డిగ్నిక్స్ సిరీస్ మొదలైంది, 2020లో ఈ 09సి. రబ్బరులో బంతి తగిలే పైపొర టాప్‌షీట్, దాని కింది మెత్తటి పొర స్పాంజి. పేర్లలో ఉండే 05, 09, 64, 80 అనేవి సైజులు కావు, టాప్‌షీట్ కింద స్పాంజికి అతుక్కుని ఉండే బుడిపెల ఆకారానికి కంపెనీ పెట్టుకున్న కోడ్ నంబర్లు. ఆ బుడిపెలు ఎంత లావుగా, ఎంత దగ్గరదగ్గరగా ఉన్నాయన్న దాన్ని బట్టి బంతి లోపలికి దిగి బయటికొచ్చే తీరు మారిపోతుంది. 09సి ప్రత్యేకత టాప్‌షీట్‌కి ఉన్న జిగట. చైనా రబ్బర్లలా బంతిని పట్టుకుని వేలాడదీసేంత కాదు, వేలితో రాస్తే పట్టు తెలిసేంత. కింద స్పాంజి మాత్రం ఎగిరే గుణం ఉన్న జపాన్ స్పాంజే. చైనా పైకప్పు, జపాన్ పునాది అనుకోండి.

గట్టిదనం బటర్‌ఫ్లై లెక్కలో 44. టెనర్జీ 05 అయితే 36, డిగ్నిక్స్ 05 అయితే 40. ఈ అంకెల్ని జర్మనీలో తయారయ్యే రబ్బర్ల మీద రాసుండే 47.5, 50లతోనో, చైనా కంపెనీ డీహెచ్ఎస్ వాళ్ల 39, 40లతోనో పోల్చి కొనకండి, ఒక్కొక్కరి కొలబద్ద ఒక్కోటి. చేతికి తెలిసేది ఏమిటంటే 09సి గట్టిగా ఉంటుంది, మెల్లగా తాకితే పలకదు. పుష్ చేసినా (బంతిని కింద నుంచి కోసి మెల్లగా నెట్టినా), షార్ట్ సర్వీస్‌ని నెట్ దగ్గరే ఆపి తిరిగి ఇచ్చినా బంతి ఎక్కువ ఎగరదు కాబట్టి చిన్న ఆట హాయిగా ఉంటుంది, సర్వీస్‌లో స్పిన్ విపరీతంగా వస్తుంది. బ్యాక్‌స్పిన్‌తో, అంటే వెనక్కి తిరుగుతూ వచ్చే బంతి మీద కింద నుంచి లూప్ (బంతి ముందుకు తిరిగేలా రాసి కొట్టే టాప్‌స్పిన్ షాట్) ఎత్తితే ఇది ఇచ్చే భరోసా వేరే ఏ రబ్బరూ నాకివ్వలేదు. అదే బద్ధకంగా బ్యాట్ అడ్డం పెట్టి బ్లాక్ చేస్తూ నిలబడితే బంతి నెట్‌లో పడుతుంది, రాత్రి తొమ్మిదింటికి నాలుగో మ్యాచ్‌లో కాళ్లు కదలనప్పుడు ఈ సంగతి బాగా తెలుస్తుంది.

ఇక వైజాగ్. మన దగ్గర ఉక్కపోత సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. టీటీలో ఇంకో బాధ ఉంది, ఫ్యాన్ గాలికి బంతి పక్కకి జరుగుతుందని ఆట మొదలవగానే ఫ్యాన్లు కట్టేస్తారు. ఏసీ లేని హాల్లో, కిటికీలు మూసి, మే నెల సాయంత్రం పూట. అరగంటకి రబ్బరు మీద కనిపించీ కనిపించని తడి పొర ఏర్పడుతుంది, బంతి పట్టు దొరక్క జారుతుంది, నిన్న బ్రహ్మాండంగా పడిన టాప్‌స్పిన్ ఇవాళ నెట్ కింద పడుతుంది, మనమేమో మన ఫామ్ పోయిందనుకుంటాం. జిగట ఉన్న రబ్బర్లకి ఇది మరీ ఎక్కువగా తెలుస్తుంది, ఎందుకంటే వాటి బలమంతా పైపొరలోనే ఉంటుంది. టవల్‌తో తుడిస్తే ఇంకో రెండు పాయింట్లు, మళ్లీ మామూలే. దీనికి తోడు దుమ్ము. వన్‌టౌన్, జ్ఞానాపురం వైపు ఉండేవాళ్లకి పోర్టు నల్ల దుమ్ము ఇంట్లోకే వస్తుంది, జిగట రబ్బరు దాన్ని వదులుతుందా? ఆట అవ్వగానే తడి స్పాంజితో తుడిచి, ఆరనిచ్చి, పైన ప్లాస్టిక్ ఫిల్మ్ అంటించి కేసులో పెట్టకపోతే వారానికే బూడిదరంగు తిరుగుతుంది. నీళ్లు చాలు, సబ్బులూ శానిటైజర్లూ వద్దు. కేసుని మధ్యాహ్నం ఎండలో స్కూటీ డిక్కీలో వదిలేసే అలవాటుంటే ఈ రబ్బరు జోలికి రాకండి.

మరి ప్రోలు ఏం చూసి ఎంచుకుంటారు? మనం అనుకున్నట్టు "ఏది బెస్టు" అని కాదు. ఒక్కో చేతివైపు ఒక్కో పని కాబట్టి రబ్బరూ వేరే ఉంటుంది. చైనా ఆటగాడు మా లాంగ్ ఫోర్‌హ్యాండ్‌కి వాడింది డీహెచ్ఎస్ హరికేన్ 3, అది రాయిలా గట్టిది, బాగా జిగట, మొత్తం శరీరం తిప్పి కొట్టే వాడికే పలుకుతుంది. అదే దేశపు ఫాన్ జెండాంగ్ కూడా ఫోర్‌హ్యాండ్‌కి హరికేనే, బ్యాక్‌హ్యాండ్‌కి మాత్రం డిగ్నిక్స్ 05. బ్యాక్‌హ్యాండ్‌లో చెయ్యి తిరిగే చోటు తక్కువ, బల్ల దగ్గర సమయమూ తక్కువ, అందుకని తనంతట తాను ఎగిరే రబ్బరు అక్కడ కావాలి. ఈ ఒక్క సూత్రం అర్థమైతే సగం డబ్బు మిగులుతుంది. మా హాల్లో చాలామంది రెండు వైపులా ఒకే ఖరీదైన రబ్బరు వేసుకుని బ్యాక్‌హ్యాండ్ ఆడలేక ఏడుస్తుంటారు.

బంతి మారినప్పుడల్లా, రూల్ మారినప్పుడల్లా రబ్బర్లు మారాయి. 2000లో బంతి 38 మిల్లీమీటర్ల నుంచి 40కి పెరిగింది, 2014లో సెల్యులాయిడ్ పోయి ప్లాస్టిక్ వచ్చింది, స్పిన్ తగ్గింది, దాంతో గట్టి స్పాంజి, జిగట టాప్‌షీట్ వైపు మొగ్గు పెరిగింది. 09సి లాంటిది 2020లో రావడం ఊరికే జరగలేదు. అంతకు ముందు స్పీడ్ గ్లూ రోజులు వేరు. మ్యాచ్‌కి ముందు స్పాంజికి ఘాటు వాసన జిగురు పూస్తే అది ఉబ్బి బంతి తుపాకీ గుండులా వెళ్లేది. ఆ జిగురులోని ద్రావకాలు ఆరోగ్యానికి హాని అని 2008 సెప్టెంబరు నుంచి అంతర్జాతీయ టీటీ సమాఖ్య నిషేధించింది. ఆ లోటు పూడ్చడానికి ఇప్పుడు కంపెనీలే ఫ్యాక్టరీలో స్పాంజికి ఆ సాగుదల పెట్టి అమ్ముతున్నాయి. ఇంట్లో నూనె లాంటి బూస్టర్ పూసుకునే వాళ్లూ ఉన్నారు, రూల్ ప్రకారం అది తప్పు, రబ్బరుని ఏ రసాయనంతోనూ మార్చకూడదు. పెద్ద టోర్నీల్లో మందం కొలుస్తారు, జిగురుతో కలిపి 4 మిల్లీమీటర్లు దాటకూడదు, వాయువులు వస్తున్నాయేమో యంత్రం పెట్టి చూస్తారు. చిన్న టోర్నమెంటులో ఎవరు చూస్తారులే అని పూసుకునేవాళ్లకి నేను చెప్పేదేమీ లేదు, నాకైతే చిరాకు.

ప్రోలు ఎన్నాళ్లకి మారుస్తారు అనేది అందరూ అడిగే ప్రశ్న. పెద్ద ఆటగాళ్లు రోజూ గంటల తరబడి ఆడతారు కాబట్టి వారం, రెండు వారాలు, మహా అయితే మూడు వారాలకి షీటు తీసేస్తారు. డబ్బు వాళ్లది కాదు, స్పాన్సరు పంపిస్తాడు. పంపిన షీట్లలోంచి బరువు, గట్టిదనం చూసి తమకి నప్పేవే ఏరుకుంటారు, ఒకే మోడల్ షీట్ల మధ్య కూడా గ్రాముల తేడా వస్తుంది మరి. అయితే మోడల్ మార్చడం మాత్రం అరుదు. షీటు తరచూ మారుస్తారు, రకం ఏళ్ల తరబడి మార్చరు. మనం సరిగ్గా తిరగేసి చేస్తాం. ఒకే షీటుని అది చచ్చేదాకా వాడి, తర్వాత వేరే రకానికి దూకుతాం, చేతికి అలవాటయ్యే ఛాన్సే ఇవ్వం.

వాళ్లకి బ్యాట్ ఎంత ముఖ్యమో 2024 పారిస్ ఒలింపిక్స్‌లో లోకమంతా చూసింది. మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచిన సంబరంలో ఫొటోగ్రాఫర్ల కాళ్ల కింద పడి చైనా ఆటగాడు వాంగ్ చుచిన్ బ్యాట్ విరిగింది, మర్నాడు స్పేర్ బ్యాట్‌తో ఆడి సింగిల్స్‌లో స్వీడన్ ఆటగాడు ట్రుల్స్ మోరెగార్డ్ చేతిలో ఓడిపోయాడు. ఓటమి మొత్తం బ్యాట్ మీదకి తోసెయ్యలేం, మోరెగార్డ్ రజతం దాకా వెళ్లాడు, కానీ ఆ స్థాయిలో కూడా స్పేర్ అంటే అచ్చం అదే కాదు అన్నది నిజం. అన్నట్టు మ్యాచ్ మధ్యలో బ్యాట్ మార్చుకోవడానికి వీల్లేదు, పొరపాటున వాడలేనంతగా దెబ్బతింటే తప్ప.

మన లెక్కకి వద్దాం. ఉగాదికి అతికించిన 09సి షీటు వర్షాలు పడేదాకా రాజాలా ఉంటుంది. వినాయక చవితి నాటికి జిగట చాలావరకు పోతుంది, స్పాంజి మాత్రం ఇంకా ప్రాణంతోనే ఉంటుంది. ఇక్కడే దీనికి నేను మార్కులు వేస్తాను, జిగట పోయాక కూడా ఇది ఆడగలిగే రబ్బరే, మామూలు గట్టి రబ్బరులా పనిచేస్తుంది. కాకపోతే ఏడు వేలు పెట్టింది మామూలు రబ్బరు కోసం కాదు కదా. చచ్చిందో లేదో చూడ్డానికి సులువైన పద్ధతి ఉంది. బ్యాట్ అంచు దగ్గర బంతి పెద్దగా తగలదు, అక్కడ ఒక శుభ్రమైన బంతిని నొక్కి రాసి, తర్వాత మధ్యలో రాసి చూడండి. అంచున పట్టుకుని మధ్యలో జారిపోతుంటే అయిపోయినట్టే. నున్నగా మెరుస్తున్న మచ్చ కంటికి కనిపించినా అంతే.

పక్కన పెట్టి చూసుకోడానికి మిగతావి. హరికేన్ 3 నియో చాలా తక్కువ ధర, మూడో వంతుకే వస్తుంది, స్పిన్ రాక్షసి, కానీ వర్షాకాలంలో 09సి కంటే ఎక్కువ ఏడిపిస్తుంది, చేతిలో బలమూ కావాలి. టెనర్జీ 05 మెత్తన, వేగం దానంతట అదే వస్తుంది, అయితే ఎదుటివాడి స్పిన్‌కి కూడా అంతే తొందరగా స్పందిస్తుంది, రిసీవ్ (ఎదుటివాడి సర్వీస్‌ని తిరిగి ఇవ్వడం) బలహీనంగా ఉన్నవాళ్లకి నరకం. యసాకా రక్‌జా 7 జర్మనీలో తయారవుతుంది, 09సిలో సగం ధర దగ్గర పడుతుంది, బ్యాక్‌హ్యాండ్‌కి నేను వాడేది ఇదే. ఇక యసాకా మార్క్ 5 ఉంది చూశారూ, 1969లో వచ్చింది, ఇంకా అమ్ముతున్నారు, నేర్చుకునే పిల్లలకి అదే కొనివ్వండి. మా హాల్లో ఒకాయన ఏడో తరగతి కొడుక్కి డిగ్నిక్స్ వేయిస్తానంటే కోచ్ గారు నవ్వి ఊరుకున్నారు. పక్కనున్నాయన ఊరుకోలేదు, "ఏటి గురూ, ఆడికింకా బ్యాక్‌హ్యాండే రాదు, ఏడు వేల రబ్బరా?" అనేశాడు. మన దేశపు క్రీడాకారిణి మనిక బత్రాని చూసి బ్యాక్‌హ్యాండ్‌కి లాంగ్ పింపుల్స్ (పొడవాటి బుడిపెలు బయటికి ఉండే రబ్బరు) వేసుకుందామనుకునే వాళ్లకీ ఇదే మాట. ఆమె బ్యాట్ తిప్పి ఎప్పుడు ఏ వైపు వాడాలో ఏళ్లు సాధన చేసింది, మనకి అది రబ్బరుతో పాటు ప్యాకెట్లో రాదు.

కొనడం గురించి. డాబాగార్డెన్స్, జగదాంబ చుట్టుపక్కల నేను అడిగిన షాపుల్లో రెడీమేడ్ బ్యాట్లే తప్ప ఈ షీట్లు దొరకలేదు, ఆన్‌లైనే గతి. ఓ ఆన్‌లైన్ అమ్మకందారు నాకు ఒకసారి ఎన్నాళ్లు గోదాములో మగ్గిందో తెలియని షీటు పంపాడు, ప్యాకెట్ విప్పితే అంచులు ముడుచుకుని ఉన్నాయి. వాపసు కోసం ఫోన్లు చేసీ చేసీ నా ఓపిక అయిపోయింది, పేరు ఇక్కడ రాయను గానీ, మీరు మాత్రం విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. షీటు కింది భాగంలో సమాఖ్య గుర్తు, పక్కన అనుమతి నంబరు అచ్చేసి ఉంటుంది, సమాఖ్య వెబ్‌సైట్‌లోని ఆమోదిత రబ్బర్ల జాబితాతో పోల్చి చూడండి. రంగుల విషయంలో ఒక వైపు నలుపు తప్పనిసరి, రెండో వైపు ఎరుపే అక్కర్లేదు, 2021 అక్టోబరు నుంచి గులాబీ, ఊదా, ఆకుపచ్చ, నీలం కూడా ఒప్పుకుంటున్నారు. నాకు ఎరుపే బాగుంటుంది.

అతికించేటప్పుడు తొందరపడొద్దు. నీళ్ల జిగురు తెల్లగా ఉంటుంది, ఆరితే పారదర్శకం అవుతుంది, సీసా మీద రాసిన నిమిషాలు మన ఊరి తేమకి సరిపోవు. వర్షం రోజున అయితే దానికి రెట్టింపు ఆగండి, తెల్ల మచ్చ ఒక్కటి మిగిలినా బుడగ వస్తుంది. స్పాంజికి రెండు పూతలు, చెక్కకి ఒకటి.

కొనేవాళ్లు స్పాంజి 2.1 కాకుండా 1.9 మిల్లీమీటర్ల మందం ఉన్నది తీసుకోండి, బరువు కొంచెం తగ్గుతుంది, కంట్రోల్ మిగులుతుంది. నా రేటింగ్ ఐదుకి మూడున్నర. ఏసీ హాల్లో ఆడేవాళ్లు ఓ అర కలుపుకోండి.