ది బ్రేకర్స్, న్యూపోర్ట్: నేలమాళిగ చూడనిదే ఈ భవనం అర్థం కాదు

బోస్టన్ నుంచి కారులో సుమారు గంటన్నర ప్రయాణం చేస్తే రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని న్యూపోర్ట్ పట్టణం వస్తుంది. అక్కడ సముద్రానికి ఎదురుగా, గట్టు మీద ఉన్న ‘ది బ్రేకర్స్’ భవనాన్ని చూపించడానికి ఈ వేసవిలో మా అమ్మానాన్నలను తీసుకువెళ్లాను. నేను చూడటం ఇది రెండోసారి. మొదటిసారి పై గదులు మాత్రమే చూసి, అబ్బురపడి, ఫొటోలు తీసుకుని వచ్చేశాను. ఈసారి భవనం కింది భాగాన్ని చూపించే టూరుకు కూడా టికెట్లు తీసుకున్నాం. ఒకే ఇల్లు రెండు ఇళ్లుగా కనిపించింది కాబట్టే ఈ సమీక్ష రాస్తున్నాను.

దీన్ని కట్టించినది రెండవ కార్నీలియస్ వాండర్‌బిల్ట్. ఆయన తాత న్యూయార్క్ రేవులో పడవ మీద మనుషులను దాటిస్తూ బతుకు మొదలుపెట్టి, ఆవిరి నౌకలకు యజమానియై, చివరికి న్యూయార్క్ సెంట్రల్ రైల్వేను చేతిలోకి తెచ్చుకున్నాడు. మనవడి నాటికి ఆ సంపద మూడో తరానిది. మనవడు 1885లో ఇక్కడ కొన్న కొయ్య ఇల్లు 1892 నవంబరులో కాలిపోయింది. అదే స్థలంలో వాస్తుశిల్పి రిచర్డ్ మోరిస్ హంట్ 1893–95 మధ్య ఇటలీ రాజభవనాల తీరులో 70 గదుల భవనం కట్టాడు. మళ్లీ నిప్పంటుకుంటుందన్న భయం ఈ ఇంటి నిర్మాణమంతటా ఉంది: కట్టడంలో ఉక్కు, ఇటుక, సున్నపురాయి తప్ప కొయ్యను దగ్గరకు రానివ్వలేదు, వంటిల్లును ఒక పక్కకు జరిపారు, బాయిలర్లనైతే ఇంటి కిందే ఉంచకుండా ఆవరణ చివర భూగర్భంలో పెట్టి సొరంగంతో కలిపారు. ఇంత ఇంటిని వాళ్లు ‘కాటేజీ’ అనేవారు. ఉండేది ఏడాదికి కొన్ని వారాలు.

పై గదులను ఆడియో గైడు వింటూ మన ఇష్టం వచ్చిన వేగంతో చూడవచ్చు. పెద్దవాళ్లతో వెళ్లేవారికి ఇది చాలా సౌకర్యం. అమ్మ నడవలేననుకున్నప్పుడల్లా ఆగి మళ్లీ విన్నాం. నడిమి హాలు దాదాపు 50 అడుగుల ఎత్తు. ఉదయపు గదిలో గోడల మీద వెండిలా మెరిసే రేకు వెండి కాదు, ప్లాటినం, అందుకే నల్లబడలేదు. స్నానాల గదిలో మంచినీటికీ సముద్రపు నీటికీ, వేడికీ చన్నీళ్లకీ విడివిడిగా కుళాయిలున్నాయి. గ్రంథాలయంలో ఫ్రాన్సు నుంచి తెచ్చిన 16వ శతాబ్దపు రాతి పొయ్యిగూడు ముందు మాత్రం తప్పక ఆగండి. సిరిసంపదలను లెక్కచేయనన్న అర్థం వచ్చే ఫ్రెంచి వాక్యం దాని మీద చెక్కి ఉంది. ఆ ఇంట్లో ఆ మాట చదువుతుంటే నాకు మనసు చివుక్కుమంది.

ఆ కాలాన్ని అమెరికన్లు ‘గిల్డెడ్ ఏజ్’ అంటారు. గిల్టు నగలు తెలిసిన మనకు ‘గిల్టు కాలం’ అంటే ఇట్టే అర్థమవుతుంది. ఇల్లు కట్టడం మొదలైన 1893లోనే అమెరికాలో ఆర్థిక సంక్షోభం వచ్చి బ్యాంకులు మూతపడ్డాయి, రైల్వే కంపెనీలు దివాలా తీశాయి. ఆ మరుసటి ఏడాది 4,000 డాలర్లు దాటిన ఆదాయంపై 2 శాతం పన్ను వేస్తూ చట్టం చేస్తే, 1895 మేలో సుప్రీంకోర్టు ఆ పన్నును కొట్టేసింది. ఆగస్టులో ఈ ఇంట గృహప్రవేశపు విందు జరిగింది. రాజ్యాంగ సవరణతో ఆదాయపు పన్ను స్థిరపడటానికి 1913 దాకా పట్టింది. ఇలాంటి భవనాలు అప్పుడే ఎందుకు లేచాయో చెప్పడానికి నాకు ఈ తేదీలే చాలు. వాండర్‌బిల్ట్‌కు మాత్రం 1896లోనే పక్షవాతం వచ్చింది. 1899లో, 55 ఏళ్లకే పోయాడు.

ఇక కింది టూరు. సొరంగం, గొట్టాలు, బాయిలరు గది తప్ప అక్కడ అలంకారమేమీ లేదు. మా నాన్నగారు ఆవిరి ఇంజన్ల కాలంలో విజయవాడ లోకో షెడ్డులో ఫైర్‌మన్‌గా చేరి రైల్వేలోనే రిటైరయ్యారు. పైన ప్లాటినం గోడల ముందు మౌనంగా నడిచిన మనిషి ఇక్కడ ప్రతి కవాటం దగ్గరా ఆగారు. “ఇది చల్లారకుండా ఉండాలంటే రాత్రిళ్లు కూడా ఎవరో ఒకడు మేలుకొని బొగ్గు వేస్తూ ఉండాల్సిందే కదమ్మా” అన్నారు. పైన చూసిన కుళాయిల్లో వేడినీళ్లు ఎక్కడి నుంచి వచ్చేవో నాకు అప్పుడు తట్టింది.

బ్రేకర్స్‌ను చూసుకునే న్యూపోర్ట్ కౌంటీ పరిరక్షణ సంఘం నిర్వహణలోనే, కొద్ది దూరంలో ఉన్న మరో భవనం ‘ది ఎల్మ్స్’లో పనివారి జీవితం చూపించే టూరు ఇంతకన్నా లోతైనది, నా దృష్టిలో న్యూపోర్ట్‌లో అన్నిటికన్నా విలువైనది అదే. బొగ్గు వ్యాపారి ఎడ్వర్డ్ బెర్విండ్ 1901లో పూర్తి చేయించిన ఆ ఇంట్లో, పనివారి గదులు పై అంతస్తులో పిట్టగోడ చాటున, కింది నుంచి చూసేవారికి కనబడకుండా ఉన్నాయి. బొగ్గు కూడా పక్క వీధి నుంచి నేల కింది సొరంగంలో, చిన్న పట్టాల మీద బండిలో వచ్చేది. పొగ, మసి, మనుషులు ఏవీ అతిథుల కంట పడకూడదన్నది అక్కడి నియమం. 1902లో పనివారు సెలవు రోజు కావాలని సమ్మె చేస్తే, అందరినీ తీసేసి కొత్తవాళ్లను పెట్టుకున్నారు. ఆ కథను వాళ్లు పడుకున్న చోటే నిలబడి వినడం నన్ను కదిలించింది.

కింది టూర్లకు మనుషుల సంఖ్య పరిమితం కాబట్టి ముందే బుక్ చేసుకోండి. మెట్లు ఎక్కువ; మోకాళ్ల నొప్పులున్న అమ్మ ఎల్మ్స్ టూరుకు రాకుండా తోటలో కూర్చుంది. ఒక్క రోజులో రెండు భవనాలకు మించి పెట్టుకోవద్దు. వీలైతే ముందు ఎల్మ్స్, తరువాత బ్రేకర్స్ చూడండి. అప్పుడు పై గదుల్లో కూడా పనివారు తిరిగిన దారుల కోసం కళ్లు వాటంతటవే వెతుకుతాయి.

1948లో వాండర్‌బిల్ట్ చిన్న కూతురు గ్లాడిస్ ఏడాదికి ఒక్క డాలరు అద్దెకు బ్రేకర్స్‌ను న్యూపోర్ట్ కౌంటీ పరిరక్షణ సంఘానికి ఇవ్వబట్టి, 1972లో సంఘం కొనుక్కోబట్టి ఈనాడు మనం లోపల అడుగుపెట్టగలుగుతున్నాం. ఈ భవనాల పెరళ్లకూ సముద్రానికీ మధ్య గట్టు అంచు వెంబడి ‘క్లిఫ్ వాక్’ అనే మూడున్నర మైళ్ల నడకదారి ఉంది. దానికి టికెట్ లేదు. కొన్నిచోట్ల రాళ్ల మీద నడవాలి కాబట్టి మంచి బూట్లు వేసుకుని, సాయంత్రం ఎండ తగ్గాక వెళ్లండి.