సోనీ రోలిన్స్‌ను వినడానికి ఏది మేలు: స్టూడియో రికార్డా, వాన్‌గార్డ్ కచేరీయా?

అమెరికన్ జాజ్ టెనర్ శాక్సఫోన్ విద్వాంసుడు సోనీ రోలిన్స్‌కు తన రికార్డులు వినే అలవాటు లేదు. వింటే తప్పులే వినిపిస్తాయనీ, ఇంతకంటే బాగా వాయించవలసిందన్న బాధే మిగులుతుందనీ ఆయన ఎన్నో ఇంటర్వ్యూలలో చెప్పారు. మాటవరసకు చూపే వినయంగా దీన్ని కొట్టిపారేయలేము. తన వాయిద్యం మీద అసంతృప్తితోనే, పేరు ప్రతిష్ఠలు పతాకస్థాయిలో ఉన్న 1959లో ఆయన కచేరీలు మానుకొని రెండేళ్లకు పైగా సాధనకే అంకితమయ్యారు. వాయించినవాడికే తృప్తినివ్వని రికార్డులలో కొత్త శ్రోత ముందుగా దేన్ని అందుకోవాలన్నది నా ప్రశ్న. అసలు పోటీ రెండింటి మధ్యనే ఉంది. ఒకటి 1956లో స్టూడియోలో చేసిన ‘శాక్సఫోన్ కొలోసస్’. రెండవది 1957లో న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో శ్రోతల ఎదుట చేసిన ‘ఎ నైట్ ఎట్ ద విలేజ్ వాన్‌గార్డ్’. రికార్డుగా మొదటిదే మేలనీ, అప్పటికప్పుడు అల్లి వాయించే రోలిన్స్ మనోధర్మాన్ని తెలుసుకోవడానికి మాత్రం రెండవదే మేలనీ నా అభిప్రాయం.

‘శాక్సఫోన్ కొలోసస్’ను 1956 జూన్ 22న ప్రెస్టీజ్ రికార్డు సంస్థ కోసం న్యూజెర్సీలోని హాకెన్‌సాక్‌లో రికార్డు చేశారు. ఆ స్టూడియో నిజానికి రికార్డింగ్ ఇంజినీరు రూడీ వాన్ గెల్డర్ తల్లిదండ్రుల ఇంటి ముందుగది. పియానో మీద టామీ ఫ్లానగన్, బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద తంత్రీవాద్యం) మీద డగ్ వాట్కిన్స్, డ్రమ్స్ మీద మాక్స్ రోచ్ కూర్చున్నారు. అప్పటికి రోలిన్స్, రోచ్ ఇద్దరూ ట్రంపెట్ విద్వాంసుడు క్లిఫర్డ్ బ్రౌన్‌తో కలిసి ఒకే బృందంలో వాయిస్తున్నారు. (ఆ తర్వాత నాలుగు రోజులకే బ్రౌన్ కారు ప్రమాదంలో మరణించాడు.) రోజూ పక్కపక్కన వాయించేవాళ్ల మధ్య ఉండే చనువు ఈ రికార్డులో ప్రతి చోటా తెలుస్తుంది. ‘సెయింట్ థామస్’నే తీసుకుందాం. రోలిన్స్ తల్లి వైపు వారిది కరీబియన్ దీవుల ప్రాంతం. ఈ వరుస అక్కడి జానపద బాణీ. రోచ్ డ్రమ్స్‌తో దాన్ని ఎత్తుకుంటాడు. పల్లవి ముగిశాక రోలిన్స్ తన వంతును రెండే రెండు స్వరాల ముక్కతో మొదలుపెడతారు. దాన్ని ఒకసారి వదిలి, మళ్లీ పట్టి, కాస్త జరిపి, తిరగవేసి, శ్రోతకు ఆ ముక్క బాగా గుర్తుండిపోయిందని నమ్మకం కుదిరాక గాని పొడుగు వాక్యాలకు పోరు. రోచ్ డ్రమ్స్ వంతు అయిపోయేసరికి దీవుల నడక మాయమై, బృందమంతా సూటిగా సాగే జాజ్ నడకలోకి మారి ఉంటుంది. ఆ మార్పును ఎవరూ చాటి చెప్పకపోవడమే దాని అందం.

ఈ రికార్డుకు పండితలోకంలో పేరు తెచ్చింది మాత్రం చివరి అంశం ‘బ్లూ సెవెన్’. డగ్ వాట్కిన్స్ ఒంటరిగా బేస్ మీద నడక మొదలుపెడితే, రోలిన్స్ ఏ శ్రుతిలో ఉన్నారో వెంటనే తేలని నాలుగైదు స్వరాల మాటతో ప్రవేశిస్తారు. పదకొండు నిమిషాల పాటు సాగేదంతా ఆ మాటను విప్పడమే. 1958లో గుంథర్ షుల్లర్ అనే సంగీతకర్త ‘ద జాజ్ రివ్యూ’ పత్రికలో దీని మీద పెద్ద వ్యాసం రాస్తూ, అప్పటికప్పుడు అల్లిన సంగీతంలో కూడా రాసిపెట్టిన కృతికి ఉండేటంత ఐక్యత సాధ్యమని ఈ ఒక్క అంశం రుజువు చేస్తోందని వాదించాడు. వ్యాసం గొప్పదే, అందులోని పరిశీలనలలో చాలా వరకు నిజమే. అయితే దాని వల్ల కష్టపడినవారు రోలిన్సే. తాను ఆలోచించకుండా చేసిన పనిని ఇంకొకరు అంత వివరంగా విశ్లేషించేసరికి వాయించేటప్పుడు తనను తాను గమనించుకోవడం మొదలైందనీ, ఆ మీదట తన గురించి రాసినవి చదవకూడదని నిశ్చయించుకున్నాననీ ఆయన తరువాత చెప్పుకున్నారు. పొగడ్త కూడా కళాకారుడి చేతిని ఇలా పట్టుకోగలదన్న సంగతిని విమర్శ రాసేవాళ్లం గుర్తుంచుకోవాలి.

ఇక వాన్‌గార్డ్ కచేరీ సంగతి. సెవెన్త్ ఎవెన్యూ సౌత్‌లో మెట్లు దిగి వెళ్లవలసిన ఈ నేలమాళిగ క్లబ్బును మాక్స్ గోర్డన్ 1935లో తెరిచాడు. 1957 నవంబరు 3, ఆదివారం నాడు బ్లూ నోట్ సంస్థ తరఫున అదే రూడీ వాన్ గెల్డర్ రికార్డింగ్ సరంజామాను అక్కడికి మోసుకువెళ్లాడు. వేదిక మీద ముగ్గురే ఉన్నారు, పియానో లేదు. ఇది మామూలు తేడా కాదు. జాజ్‌లో పియానో ఎప్పటికప్పుడు స్వరసమూహాలను పేరుస్తూ ముందు వాయించేవాడికి దారి చూపుతుంది, ఆ దారి దాటకుండా కూడా చూస్తుంది. అది లేనప్పుడు పాట ఎక్కడ ఉన్నదో శాక్సఫోన్ తన వాక్యాలతోనే తెలియజేయాలి. తప్పిపోతే పట్టుకునేవారు ఉండరు, కావాలని తప్పుకుంటే ఆపేవారూ ఉండరు. మన కచేరీలలో స్వరకల్పన విని అలవాటు పడిన చెవికి ఈ ఏర్పాటు కొత్తగా తోచదు. ఒక గొంతు, కింద లయ, మధ్యలో ఖాళీ ఉంటాయి. జాజ్ వినడం మొదలుపెట్టిన తెలుగు శ్రోతలకు నేను వాన్‌గార్డ్‌ను ముందు చెప్పడానికి ఇదొక కారణం.

రెండవ కారణం వాన్‌గార్డ్‌లో డ్రమ్స్ వాయించిన ఎల్విన్ జోన్స్. మాక్స్ రోచ్ డ్రమ్స్ మీద కూడా వాక్యాలు కట్టే మనిషి. తాను ఎక్కడ మొదలుపెట్టాడో ఎక్కడ ముగిస్తాడో స్పష్టంగా తెలుస్తుంది, రోలిన్స్ మాటకు ఎదురుమాటను అంతే పొందికగా అందిస్తాడు. ఎల్విన్‌కు అప్పటికి ముప్పై ఏళ్లు. మరో గొప్ప టెనర్ శాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్‌ట్రేన్ బృందంలో పేరు తెచ్చుకోవడానికి ఇంకా మూడేళ్లు ఉంది. అతడు వాక్యాలు కట్టడు. లయలను ఒకదాని మీద ఒకటి పరుస్తూ, తాళం మొదటి దెబ్బను దాచిపెడుతూ, ముందున్నవాడిని కుదురుగా నిలబడనివ్వడు. రోచ్ పక్కన రోలిన్స్ తీరికగా మాట్లాడితే, ఎల్విన్ పక్కన పందెం కట్టినట్టు మాట్లాడతారు. రోలిన్స్, ఎల్విన్‌ల నడుమ విల్బర్ వేర్ బేస్ మీద తక్కువ స్వరాలే వేసి, వేయని స్వరాలకు కూడా బరువు ఇస్తాడు. నా దృష్టిలో ఆ రాత్రి నిజమైన పెద్దమనిషి అతడే. రికార్డు గురించి రాసేవాళ్లు అతడి పేరును ఒక్క పంక్తితో సరిపెట్టడం అన్యాయం.

వాన్‌గార్డ్ రికార్డులోని ‘సానీమూన్ ఫర్ టూ’ను దగ్గరగా వింటే రెండు రికార్డుల తేడా తేలుతుంది. ఇది పన్నెండు గడుల (గడికి నాలుగు మాత్రలు) బ్లూస్. వరుస అంతా నాలుగు గడుల ఒకే కిందికి దిగే మాట. దాన్నే మూడుసార్లు వాయిస్తే పల్లవి పూర్తవుతుంది. పిల్లలకు నేర్పగలిగినంత తేలిక. ‘బ్లూ సెవెన్’లో వరుసలోని చిక్కుముడే పదకొండు నిమిషాల సంగీతానికి ముడిసరుకును ఇచ్చింది. ఇక్కడ ముడిసరుకు దాదాపు శూన్యం. అయినా రోలిన్స్ ఆ మాటను వదిలి చాలా దూరం పోతారు, అది మరిచిపోయామనుకున్న చోట దాని తోక మాత్రం చూపిస్తారు, స్వరాన్ని మొరటుగా, వెక్కిరింతగా, ఒక్కోసారి మొరుగుతున్నట్టుగా మారుస్తారు. శ్రోతల అలికిడి వినిపిస్తూనే ఉంటుంది. తనకు తోచిన జనరంజక గీతం ముక్క ఒకటి నడుమ దూర్చి నవ్వించడం ఆయనకు పాత అలవాటు. స్టూడియోలో ఆ హాస్యం కొంచెం మర్యాదగా కూర్చుంటుంది, క్లబ్బులో లేచి తిరుగుతుంది.

ఇక్కడ రోలిన్స్ సొంత సిద్ధాంతాన్ని కూడా తూకంలో వేయాలి. వాయించడమూ ఆలోచించడమూ ఒకే సమయంలో జరిగే పనులు కావన్నది ఆయన పదేపదే చెప్పిన మాట. గంటల తరబడి సాధన చేసి, పాటనూ దాని స్వరసమూహాలనూ ఒంటికి పట్టించుకొని, వేదిక ఎక్కాక అవన్నీ మరిచిపోవాలనేది ఆయన పద్ధతి. 1960ల చివరలో ఆయన భారతదేశానికి వచ్చి బొంబాయి పొవాయిలోని స్వామి చిన్మయానంద ఆశ్రమంలో కొంతకాలం ఉన్నారు. గీతా ప్రవచనాల ద్వారా చిన్మయానందులు మన పాఠకులలో చాలామందికి పరిచితులే కనుక ఈ సంగతి ఆసక్తి కలిగించవచ్చు. మనసు పక్కకు తప్పుకుంటే గాని మంచి సంగీతం రాదన్న ఈ నమ్మకాన్ని ప్రమాణంగా తీసుకుంటే, మళ్లీ వాయించే వీలు ఉన్న స్టూడియో కంటే ఆ వీలు లేని క్లబ్బే ఆయనకు తగిన చోటు అవుతుంది.

అయితే కచేరీ రికార్డు అంటే జరిగింది జరిగినట్టు మనకు చేరిందని అనుకోవడం పొరపాటు. ఆ రోజు మధ్యాహ్నమూ రాత్రీ వాయించిన ఎన్నో అంశాలలో ఆరింటిని మాత్రమే ఎంచి మొదటి రికార్డు తయారుచేశారు. ఆ ఆరింటిలో ‘ఎ నైట్ ఇన్ ట్యునీషియా’ అసలు రాత్రి వాయించినదే కాదు. మధ్యాహ్నం డానల్డ్ బెయిలీ బేస్, పీట్ లా రోకా డ్రమ్స్‌తో వాయించినది. లా రోకా అప్పటికి పందొమ్మిదేళ్ల కుర్రవాడు. వేర్, ఎల్విన్‌లతో రాత్రి వాయించిన ‘ట్యునీషియా’ తరువాతి ప్రచురణలలో బయటికి వచ్చింది. రెండింటినీ వెంటవెంటనే వింటే, పాట ఒకటే, శాక్సఫోన్ ఒకటే అయినా వాదన పూర్తిగా వేరు. మధ్యాహ్నం రోలిన్స్ ముందు నడుస్తుంటే మిగతా ఇద్దరూ వెంట నడిచారు. రాత్రి ఎవరు ముందున్నారో చెప్పడం కష్టం. తోటి వాద్యకారుల పాలు మనోధర్మంలో ఎంత అనే ప్రశ్నకు నాకు తెలిసినంతలో ఇంతకంటే సూటి జవాబు ఇంకెక్కడా దొరకదు.

తోటివారి మాట వచ్చింది కనుక, కోల్‌ట్రేన్‌తో రోలిన్స్ కలిసి వాయించిన ఏకైక రికార్డింగు, 1956 మే నెలలో చేసిన ‘టెనర్ మ్యాడ్‌నెస్’, చరిత్ర కోసం వినదగినదే గాని ఈ రెండింటి సరసన నిలిచేది కాదు. ఇద్దరూ ఒకరికొకరు మర్యాద ఇచ్చుకోవడమే అందులో ఎక్కువ.

చాలామంది మొదట సిఫారసు చేసే ‘ద బ్రిడ్జ్’ను నేను మూడవ స్థానంలో ఉంచుతాను. పక్కింటివారికి ఇబ్బంది కలగకుండా న్యూయార్క్ విలియమ్స్‌బర్గ్ వంతెన మీద ఒంటరిగా సాధన చేసిన 1959 నాటి ఆ విరామకాలం కథ ఎంత అందమైనదంటే, 1962లో వచ్చిన ఆ రికార్డును కథ వినిపించనివ్వదు. పియానో చోట జిమ్ హాల్ గిటార్ పెట్టడం సున్నితమైన ఆలోచన. నెమ్మదిని ఇష్టపడేవారికి అదే నచ్చవచ్చు. వాన్‌గార్డ్‌లోని తెగింపు మాత్రం అందులో తక్కువ.

వృద్ధాప్యంలో రోలిన్స్ తన రికార్డులు విననన్న పట్టుదలను కొంత సడలించి, దశాబ్దాల కచేరీల టేపుల నుంచి ‘రోడ్ షోస్’ సంపుటాలను 2008 నుంచి వెలువరించారు. ఆయన ఎంపికలు స్టూడియోవి కాక కచేరీలవి కావడం నా పక్షానికే బలం. 2010 సెప్టెంబరులో ఎనభయ్యో పుట్టినరోజు కచేరీలో ‘సానీమూన్ ఫర్ టూ’ నడుమ శాక్సఫోన్ విద్వాంసుడు ఆర్నెట్ కోల్‌మన్ వేదిక మీదికి వచ్చి చేరినది రెండవ సంపుటంలో ఉంది. 1957 నాటి పట్టు అందులో లేదు, కాని అదే మాటను ఇద్దరు పెద్దలు రెండు భిన్నమైన తర్కాలతో విప్పడం ఇంకెక్కడా దొరకదు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. వాన్‌గార్డ్ కచేరీ మొదటి ఆరు అంశాల రూపంలోనూ, 1999లో వచ్చిన రెండు సీడీల సంపూర్ణ రూపంలోనూ దొరుకుతుంది. మొదటిసారి వినేవారికి ఆరు అంశాలే మేలు. ఒకే బృందం గంటల కొద్దీ వాయించినదంతా ఒక్క బిగిన వింటే చెవి అలసి, ఎల్విన్ చేస్తున్న పని మామూలుగా తోచే ప్రమాదం ఉంది. రెండు ‘ట్యునీషియా’లను పోల్చి వినాలన్న కోరిక పుట్టిన రోజున సంపూర్ణ రూపాన్ని తెచ్చుకోవచ్చు.