హోమ్‌స్కూలింగ్‌లో హైస్కూలు చదువు: సొంత ప్రణాళిక, ఆన్‌లైన్ స్కూలు, కమ్యూనిటీ కాలేజీల్లో ఏది మేలు?

అమెరికాలో పిల్లలను ఇంటి దగ్గరే చదివించే తల్లిదండ్రులకు ఎనిమిదో తరగతి దాకా ఉన్న నిశ్చింత తొమ్మిదిలో అడుగుపెట్టగానే పోతుంది. అక్కడి నుంచి నాలుగేళ్లపాటు చదివే ప్రతి సబ్జెక్టూ ట్రాన్‌స్క్రిప్టులోకి, అంటే కాలేజీలకు పంపే సబ్జెక్టుల, గ్రేడుల పత్రంలోకి ఎక్కుతుంది. పోటీ ఎక్కువగా ఉండే కాలేజీలు సాధారణంగా ఇంగ్లీషు నాలుగేళ్లు, గణితం మూడు నాలుగేళ్లు, ల్యాబుతో కూడిన సైన్సు, సామాజిక శాస్త్రాలు రెండు మూడేళ్ల చొప్పున, ఒకే విదేశీ భాష కనీసం రెండేళ్లు కోరతాయి. ఈ చట్రాన్ని నింపడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి.

మొదటిది, తల్లిదండ్రులే పాఠ్యప్రణాళిక తయారు చేసుకోవడం. ఏడాదిలో సుమారు 120 గంటలు చదివిన సబ్జెక్టును ఒక క్రెడిట్‌గా లెక్కగట్టడం వాడుక. మొక్కలంటే ప్రాణం పెట్టే పిల్లవాడు ఏడాదంతా వృక్షశాస్త్రం మీద గడపగలిగేది ఈ దారిలోనే, కాబట్టి చదువు మీద ఇష్టం నిలబడాలంటే దీనికి సాటి లేదని నా నమ్మకం. చాలా కాలేజీలకు ఒకే దరఖాస్తుగా పనికొచ్చే కామన్ యాప్‌లో కౌన్సిలర్, అంటే స్కూలు తరఫు సలహాదారు, రాయవలసినవన్నీ ఇక్కడ తల్లో తండ్రో రాస్తారు. చిక్కంతా గ్రేడు దగ్గరే వస్తుంది. ‘కెమిస్ట్రీ, ఒక క్రెడిట్, ఏ’ అని అమ్మ రాసిన ఒక్క వరుసను బట్టి అడ్మిషన్ల అధికారికి ఏమీ తెలియదు. ఏ పుస్తకంలో ఎన్ని అధ్యాయాలు చదివారో, టైట్రేషన్ లాంటి ప్రయోగాలు ఏవేవి చేశారో, ల్యాబు నోటుబుక్కుకు ఎన్ని మార్కులు, పరీక్షకు ఎన్ని మార్కులు వేశారో ఒక పేరాలో రాసి జతచేస్తేనే ఆ గ్రేడుకు బరువు వస్తుంది. ఆ వివరాలను పన్నెండో తరగతిలో గుర్తు తెచ్చుకొని రాయడం కష్టం, ఏ ఏడాదివి ఆ ఏడాదే రాసిపెట్టుకోవాలి.

రెండోది, గుర్తింపు ఉన్న ఆన్‌లైన్ స్కూలు. అందులో చేరితే ట్రాన్‌స్క్రిప్టు, కౌన్సిలర్ బాధ్యత ఆ స్కూలే చూసుకుంటుంది. అయితే ఫీజు భారం అటుంచి, వేళలూ పాఠాలూ మళ్లీ ఇంకొకరి చేతుల్లోకి వెళతాయి. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంటికి ఇది తగినదే.

మూడోది, హైస్కూలు వయసులోనే కమ్యూనిటీ కాలేజీలో, అంటే స్థానికంగా ఉండే రెండేళ్ల ప్రభుత్వ కాలేజీలో, కోర్సులు చేసే డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్. ఒక సెమిస్టరు కాలేజీ కోర్సును చాలాచోట్ల హైస్కూలులో ఏడాది చదువుకు సమానంగా లెక్కిస్తారు. నిజమైన ల్యాబు దొరుకుతుంది, ఇంటి బయటి ఉపాధ్యాయుడు గ్రేడు వేస్తాడు, సిఫారసు లేఖ అడగడానికి ఒక మనిషి ఉంటాడు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రవేశానికి ‘ఏ–జీ’ పేరిట అడిగే హైస్కూలు కోర్సులు దాని ఆమోదం పొందినవై ఉండాలి గనుక, అక్కడి హోమ్‌స్కూలు పిల్లలకు కాలేజీ కోర్సులు పెద్ద ఆసరా. ఫీజు మాత్రం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

ఈ డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్‌ను ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలతో, అంటే హైస్కూలు పిల్లలు కాలేజీ స్థాయి సబ్జెక్టుల్లో రాసే పరీక్షలతో, పోల్చి చూడాలి. ఏపీ పరీక్షలు మే నెలలో జరుగుతాయి, స్కోరు 1 నుంచి 5 వరకు ఉంటుంది. ఇంట్లో చదివే పిల్లలు తమను ఆ పరీక్షకు కూర్చోనిచ్చే స్కూలును అంతకుముందు శరదృతువులోనే వెతుక్కోవాలి. ట్రాన్‌స్క్రిప్టులో కోర్సు పేరు పక్కన ‘ఏపీ’ అని రాయాలంటే సిలబసుకు ఆ పరీక్షలు నిర్వహించే కాలేజీ బోర్డు ఆమోదం కావాలి. ఏపీలో తక్కువ స్కోరు వస్తే చాలా కాలేజీలకు దాన్ని పంపకుండా ఉండవచ్చు, కమ్యూనిటీ కాలేజీలో వచ్చిన ‘సీ’ గ్రేడు మాత్రం శాశ్వతంగా ఉండిపోయి, రేపు మెడికల్ స్కూలుకు దరఖాస్తు చేసినప్పుడు కూడా చూపించవలసి వస్తుంది. పిల్ల సిద్ధంగా లేకుండా పదిహేనో ఏట కాలేజీ గదిలో కూర్చోబెట్టడం అందుకే నాకు నచ్చదు.

అన్నీ బేరీజు వేస్తే తొమ్మిది, పది తరగతుల్లో సొంత ప్రణాళిక, పదకొండు, పన్నెండులో ల్యాబు సైన్సుకూ పైస్థాయి గణితానికీ కమ్యూనిటీ కాలేజీ, సాహిత్యం, చరిత్ర చివరిదాకా ఇంట్లోనే అన్నది నేను మొగ్గుచూపే పద్ధతి. ఇంజనీరింగ్ వైపు వెళ్లే పిల్లలకు పన్నెండులో కాల్‌క్యులస్ అందాలంటే, మామూలు వరుసలో ఎనిమిదిలోనే ఆల్జీబ్రా 1 పూర్తి కావాలి. కాలేజీలో కనీస వయసు ఎంత, ఏ స్థాయి కోర్సులో చేర్చాలో తేల్చే ప్లేస్‌మెంట్ పరీక్ష ఉందా, గడువు ఎప్పుడు అన్నవి తొమ్మిదో తరగతిలోనే కనుక్కొని పెట్టుకుంటే పదకొండులో సీటు కోసం హడావుడి పడక్కరలేదు.