డీజిల్ పికప్‌తో మారేడుమిల్లి, అరకు: మైలేజ్ ఎక్కడ ఎంత ఇచ్చింది

పికప్ ట్రక్ కొనాలనుకునేవాళ్ళు అందరూ ముందు అడిగేది మైలేజే. దానికి ఒకే ఒక్క అంకె చెప్పేవాళ్ళని నమ్మకండి. మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్ మాది, 1.9 లీటర్ డీజిల్, ఫోర్ వీల్ డ్రైవ్, ఆటోమేటిక్. హైదరాబాద్ నుంచి రాజమండ్రి, మారేడుమిల్లి, గుడిస, లంబసింగి, అరకు మీదుగా వైజాగ్ వెళ్ళాం, ఇదే బండి ఒకచోట లీటరుకు 14 కిలోమీటర్లు ఇచ్చింది, ఇంకోచోట 8 ఇచ్చింది. బండిలో నలుగురం, వెనక టెంట్లు, నీళ్ళ క్యాన్లు, సామాను.

లెక్క ఎలా వేశానంటే, బంకులో నాజిల్ దానంతట అది ఆగేదాకా నింపించి ట్రిప్ మీటర్ సున్నా చేయడం, మళ్ళీ నింపినప్పుడు పట్టిన లీటర్లతో భాగించడం. డ్యాష్‌బోర్డ్ చూపించే సగటు దీనికంటే లీటరుకు ఒక కిలోమీటరు దాకా ఎక్కువే చెప్పింది, కాబట్టి స్క్రీన్ ఫోటోలు చూసి బండి కొనకండి.

హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా 80, 85 దాటకుండా వెళితే 14 వచ్చింది. అక్కడి నుంచి రాజమండ్రికి వందకి అటూ ఇటూగా తోలితే పదకొండున్నరకి పడిపోయింది. ఇంజిన్‌లో లోపమేమీ లేదు. ఎత్తుగా, పెట్టెలా ఉండే బండి ఇది, వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు వేగం వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది, అంటే 80 నుంచి 100కి వెళితే గాలి నిరోధం ఒకటిన్నర రెట్లకు పైనే. చిన్న కారులో ఇది అంతగా తెలియదు కానీ పికప్‌లో నేరుగా జేబుకి తెలుస్తుంది. పైగా మేం వెళ్ళినప్పుడు డీజిల్ తెలంగాణ కంటే ఆంధ్రాలో కాస్త ఎక్కువ ధర ఉంది, అందుకే సరిహద్దు దాటకముందే కోదాడ దగ్గర ట్యాంక్ నింపేశాం.

రాజమండ్రిలో హోటల్ బుక్ చేసేముందు గది ఫోటోల కంటే ముందు పార్కింగ్ సంగతి ఫోన్ చేసి అడగండి. 5.3 మీటర్ల పొడవున్న బండిని సెల్లార్ ర్యాంప్‌లో తిప్పడం పెద్ద టెన్షన్. మేం దిగిన హోటల్‌లో ఫోన్‌లో పార్కింగ్ ఉందన్నారు, తీరా వెళితే అది చిన్న కార్లకే సరిపోయే సెల్లార్, రాత్రంతా బండి రోడ్డు మీదే ఉంది, వెనక సామానంతా గదిలోకి మోయాల్సి వచ్చింది. గది మాత్రం శుభ్రంగా ఉంది, టిఫిన్ బాగుంది.

రంపచోడవరంలో ట్యాంక్ నింపుకుని మారేడుమిల్లి వెళ్ళాం. అక్కడ అటవీశాఖ ఆధ్వర్యంలో స్థానిక గిరిజనులు నడిపే కాటేజీలు నాకు చాలా నచ్చాయి. పెద్ద హంగులేం లేవు, కానీ చుట్టూ అడవి, బండి పెట్టుకోవడానికి బోలెడు ఖాళీ స్థలం. వారాంతాల్లో దొరకడం కష్టం, ముందే బుక్ చేసుకోవాలి. బొంగు చికెన్ రోడ్డు పక్క బొగ్గుల మీద కాల్చినది వేడిగా తినండి, పొట్లం కట్టించుకుంటే ఆ రుచి ఉండదు.

గడ్డి కొండల గుడిస అక్కడికి దాదాపు 40 కిలోమీటర్లు. చివర్లో నిటారు మట్టి దారి, రాళ్ళు, గోతులు. మామూలు కారుతో ఆ భాగానికి పోవద్దు, స్థానిక జీపులు దొరుకుతాయి, వాళ్ళకి ప్రతి మలుపూ తెలుసు. అనుమతులు, రుసుములు మారుతుంటాయి, చెక్‌పోస్టులో కనుక్కోవాలి. మేం టైర్లలో గాలి కొద్దిగా తగ్గించి, ఫోర్ వీల్ డ్రైవ్‌ని ‘లో రేంజ్’లో, అంటే వేగం తగ్గించి చక్రాలకు బలం పెంచే గేరులో పెట్టి ఎక్కించాం. అక్కడ ఇంజిన్ గట్టిగా తిరుగుతూనే ఉంటుంది, బండి మాత్రం మనిషి నడిచేంత వేగంతో కదులుతుంది, కిలోమీటర్లు పెరగవు, డీజిల్ మాత్రం అయిపోతుంది. రంపచోడవరం నుంచి గుడిస వెళ్ళి మళ్ళీ అదే బంకుకి వచ్చేసరికి మొత్తం మీద 8 వచ్చింది. పైకి ఎక్కాక ఆ గడ్డి కొండలు, కిందంతా మంచు చూస్తే ఆ డీజిల్‌కి నాకు ఏమాత్రం బాధ లేదు.

తర్వాత చింతపల్లి, లంబసింగి, పాడేరు దారి. మేం వెళ్ళినప్పుడు జాతీయ రహదారి విస్తరణ పనులు జరుగుతున్నాయి, దుమ్ము, ఆగుతూ సాగుతూ ప్రయాణం, 10 దాటలేదు. ఇలాంటి దారిలో ఇంకో సంగతి ఉంది. బీఎస్6 (కాలుష్య ప్రమాణం) డీజిల్ బళ్ళలో పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. నెమ్మదిగా పోయే దారుల్లో అది త్వరగా నిండుతుంది, నిండాక బండి అదనంగా డీజిల్ వాడి ఆ మసిని కాల్చేస్తుంది. అప్పుడు కాసేపు మైలేజ్ పడిపోతుంది, భయపడక్కర్లేదు, మధ్యలో ఇంజిన్ ఆపకుండా ఉంటే చాలు.

అరకులో ఏపీటీడీసీ (రాష్ట్ర పర్యాటక సంస్థ) వాళ్ళ హరిత మయూరి రిసార్ట్‌లో ఉన్నాం. గదులు పాతబడ్డా, ఆవరణ విశాలం, గిరిజన మ్యూజియం పక్కనే, కుటుంబాలకు మంచి చోటు. అరకు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంటుంది. సామానుతో కలిపి రెండు టన్నులు దాటిన బండిని అంత ఎత్తుకి ఎక్కించడానికే దాదాపు రెండు లీటర్ల డీజిల్ కావాలి, దూరానికి అయ్యేది వేరే. అందులో కొంత దిగేటప్పుడు తిరిగి వస్తుంది. అనంతగిరి ఘాట్ దిగుతూ గేరులోనే వదిలి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తే ఇంజిన్‌కి డీజిల్ సరఫరా ఆగిపోతుంది, బ్రేకులూ వేడెక్కవు. వైజాగ్‌లో నింపి చూస్తే 16 వచ్చింది, కానీ అది దిగుడు దారి అంకె, దాన్ని బండి మైలేజ్ అని ఎవరికీ చెప్పను.

మాతోపాటు స్నేహితుడి టయోటా హైలక్స్ ఆటోమేటిక్ పికప్ కూడా వచ్చింది. అది 2.8 లీటర్ ఇంజిన్, 204 హార్స్‌పవర్, 500 న్యూటన్ మీటర్ల టార్క్ (లాగే బలం). హైవే మీద మాకంటే ఒకటిన్నర తక్కువ ఇచ్చింది, ఘాట్‌లో మాత్రం తేడా దాదాపు లేదు, ఎందుకంటే పెద్ద ఇంజిన్‌ని అంతగా తొక్కాల్సిన పని పడలేదు. వాడికి ఉన్న అసలు సుఖం 80 లీటర్ల ట్యాంక్. మాది 55 లీటర్లే. కొండల్లో లీటరుకు 8 అనుకుని లెక్క వేసుకుంటే చివర కొంత మిగుల్చుకున్నాక 350 కిలోమీటర్లే. అందుకే రంపచోడవరం, చింతపల్లి, పాడేరు, అరకు, ఎక్కడ బంకు కనబడినా ట్యాంక్ సగానికి వచ్చి ఉంటే నింపుకుంటూ వెళ్ళాం.