ఒకే పొయ్యి మీద రెండు వంటలు: ఫాలౌట్ 3, న్యూ వేగస్

రోల్ ప్లేయింగ్ గేములు, అంటే మనమే ఒక పాత్రగా మారి ఆడే వీడియో గేములు చేసే కంపెనీల్లో ఎవరు గొప్ప అన్న గొడవ ఎప్పుడు మొదలైనా తెగదు. ఒకరికి డబ్బు ఎక్కువ, ఇంకొకరికి కావలసినంత టైమ్ దొరికింది, మరొకరి చేతిలో కొత్త ఇంజిన్, అంటే గేమ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ ఉంది. దేన్ని దేంతో పోల్చాలి? అందుకే నేను ఈ వాదనలోకి దిగినప్పుడల్లా ఒక్క జంటనే ముందు పెడతాను. 2008లో బెథెస్డా చేసిన ఫాలౌట్ 3, 2010లో ఒబ్సిడియన్ చేసిన ఫాలౌట్ న్యూ వేగస్. రెండూ అణుయుద్ధం తర్వాత పాడుబడ్డ అమెరికాలో జరిగే కథలే. ఇంజిన్ అదే. తుపాకులు, జంతువులు, తుప్పు పట్టిన సామాను చాలావరకు అవే. ఒబ్సిడియన్‌కి దొరికిన గడువు ఏడాదిన్నర. అదే పొయ్యి, అవే గిన్నెలు, వంటమనిషి ఒక్కడే మారాడు. మొదటిది మూడుసార్లు, రెండోది ఆరుసార్లు చివరిదాకా ఆడాను కాబట్టి ఇది నోటికొచ్చింది రాయడం కాదు.

నిజం చెప్పాలంటే న్యూ వేగస్ మొదట నాకు నచ్చలేదు. గుడ్‌స్ప్రింగ్స్ అనే పల్లెలో డాక్టర్ ఇంట్లోంచి బయటికొచ్చాను, రాత్రయ్యేసరికి ఉత్తరాన వేగస్ దీపాలు కనిపించాయి. ఇంకేముంది, నేరుగా నడిచాను. కజడోర్లు అని, భారీ కందిరీగలు ఊహించుకోండి, అవి వచ్చి కుట్టాయి. విషానికి చచ్చాను. మళ్లీ వెళ్లాను, మళ్లీ చచ్చాను. ఆ పక్క దారిలో డెత్‌క్లాలు, పెద్ద గోళ్ల రాక్షస జంతువులు. ఫాలౌట్ 3లో ఏ దిక్కుకి పోయినా ఎలాగో బతికేవాణ్ణి, ఇదేం డిజైన్ రా బాబూ అనుకున్నాను.

రెండోసారి ఆడినప్పుడు అర్థమైంది. ఉత్తరానికి వెళ్లొద్దని ఊళ్లోవాళ్లు చెబుతూనే ఉన్నారు, నేనే వినలేదు. అసలు దారి దక్షిణంగా ప్రిమ్, నిప్టన్, నోవాక్ మీదుగా పెద్ద చుట్టు తిరిగి వేగస్ చేరుతుంది. ఆ చుట్టు వల్లే ఎన్‌సీఆర్ అనే రిపబ్లిక్ సైన్యం ఎంత సాగదీసుకుపోయి ఉందో, దాని శత్రువు, మనుషుల్ని బానిసలుగా పట్టుకునే లీజియన్ దండు ఎంత క్రూరమైందో మన కళ్లతో చూస్తాం. నిప్టన్‌లో స్తంభాలకి వేలాడుతున్న మనుషుల్ని చూశాక లీజియన్ గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. వేగస్ గేటు దగ్గరికి చేరేటప్పటికి ఎవరి పక్షమో మన మనసులో సగం తేలిపోయి ఉంటుంది. కందిరీగల్ని అక్కడ పెట్టింది ఊరికే కాదన్నమాట.

ఇక స్కిల్స్ సంగతి. ఫాలౌట్ 3లో ఎవరినైనా మాటలతో ఒప్పించాలంటే పక్కన ఒక శాతం కనిపిస్తుంది. 40 శాతం అవకాశం ఉందనుకోండి, నేను సేవ్ చేసి అడుగుతాను, కాదంటే లోడ్ చేసి మళ్లీ అడుగుతాను. నాలుగోసారికి వాడే ఒప్పుకుంటాడు. అందరం చేసిన పనే ఇది, సిగ్గుపడేదేం లేదు. న్యూ వేగస్ ఆ శాతాన్ని తీసేసి అంకె పెట్టింది. గుడ్‌స్ప్రింగ్స్ మీదికి దొంగల ముఠా వస్తున్నప్పుడు ఈజీ పీట్ అనే ముసలాయన దాచుకున్న డైనమైట్ ఇవ్వాలంటే ఎక్స్‌ప్లోజివ్స్, అంటే పేలుడు పదార్థాల స్కిల్ 25 ఉండాలి. ఉంటే ఇస్తాడు, లేకపోతే ఎన్నిసార్లు లోడ్ చేసినా ఇవ్వడు. పైగా స్కిల్ చాలనప్పుడు మన పాత్ర పలికే మాటే మారిపోతుంది, ఏమీ తెలియనివాడు తెలిసినట్టు మాట్లాడితే ఎలా ఉంటుందో అలా. దీనికి ఒక మందు కూడా పెట్టారు. దొరికిన పత్రిక ఒకటి చదివితే కాసేపు ఆ స్కిల్ 10 పెరుగుతుంది. పరీక్ష హాలు బయట గైడు తిరగేసే కుర్రాడిలా, తలుపు ముందు నిలబడి పత్రిక చదివి లోపలికెళ్లి మాట్లాడేవాణ్ణి. చాలా చిన్న ఏర్పాటే, కానీ మాట్లాడటాన్ని లాటరీలోంచి ఆటలోకి తెచ్చింది.

నోవాక్‌లో బూన్ అనే స్నైపర్ కథ దీనికంటే బాగా చెబుతుంది. ఊళ్లో పెద్ద డైనోసార్ బొమ్మ, దాని నోట్లో రాత్రి కాపలా ఇతనిది. భార్యని ఎవరో లీజియన్‌కి అమ్మేశారు. ఎవరో కనుక్కుని ఆ మనిషిని బొమ్మ ముందుకు తీసుకురమ్మని, తన టోపీ ఇస్తాడు. నువ్వు అది పెట్టుకుంటే చాలు, పైనుంచి కాల్చేస్తాడు. సాక్ష్యం లాడ్జి రిసెప్షన్‌లోని సేఫ్‌లో ఉంది, అమ్మకం కాగితం. కానీ దాన్ని వెతకమని గేమ్ బలవంతం చేయదు. సంబంధం లేనివాణ్ణి నడిపించుకొచ్చి టోపీ పెట్టుకున్నా తుపాకీ పేలుతుంది. ఒకసారి చేసి చూశాను. రెండు రోజులు మనసు బాగోలేదు.

ఇప్పుడు ఫాలౌట్ 3 ముగింపు చూడండి. నీళ్లు శుద్ధి చేసే గదిలోకి ఎవరో ఒకరు వెళ్లి కోడ్ నొక్కాలి, లోపల చంపేసేంత రేడియేషన్. నా పక్కన ఫాక్స్ ఉన్నాడు. సూపర్ మ్యూటెంట్, రేడియేషన్ వాడికి గాలితో సమానం. అంతకుముందే రేడియేషన్ నిండిన నడవలోకి వెళ్లి నా కోసం ఒక యంత్రం తెచ్చినవాడు. వాణ్ణి వెళ్లమంటే ‘ఇది నీ విధి’ అన్న అర్థం వచ్చేలా తప్పుకున్నాడు. రచయితకి త్యాగం కావాలి, అందుకని నన్ను చావమన్నారు. 2009లో వచ్చిన బ్రోకెన్ స్టీల్ అనే అదనపు భాగంలో వాణ్ణి పంపే వీలు ఇచ్చారు, కానీ చివర్లో వినిపించే గొంతు మాత్రం నన్ను పిరికివాడికిందే జమకట్టింది. బాగుంది!

అలాగని బెథెస్డాని తీసిపారేయను. ఊరికే తిరగడంలో ఉన్న సరదా వాళ్లకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఫాలౌట్ 3లో మెట్రో సొరంగాల్లోంచి ఎక్కడో పైకి తేలితే కొత్త వీధి, పాడుబడ్డ ఇంట్లో మంచం మీద పక్కపక్కనే రెండు అస్థిపంజరాలు. ఎవరూ ఏమీ చెప్పరు, కథ అక్కడే ఉంటుంది. న్యూ వేగస్‌లో కొండ ఎక్కబోతే కనిపించని గోడ అడ్డం వస్తుంది, ఎక్కినా పైన పెద్దగా ఏమీ ఉండదు. కాకపోతే ఆ ఎడారిలో జనం ఏం తింటున్నారో తెలుస్తుంది. వేగస్ బయట ఎన్‌సీఆర్ పొలాలున్నాయి, వాటికి నీళ్ల పైపులున్నాయి, ఆ నీళ్ల మీద తగాదాలున్నాయి. ఫాలౌట్ 3లో అణుయుద్ధం జరిగి 200 ఏళ్లయినా జనం పాత సూపర్ మార్కెట్ డబ్బాలే వెతుక్కుంటుంటారు.

ఒబ్సిడియన్‌కి ఇలా వేరేవాళ్ల వంటింట్లో వండటం అలవాటే. బయోవేర్ కంపెనీ 2003లో చేసిన స్టార్ వార్స్ గేమ్ నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్‌కి 2004లో రెండో భాగం చేసింది వీళ్లే. బయోవేర్ బలం తోడుండే పాత్రలు, అంతరిక్ష ఓడలోకి తిరిగొచ్చి వాళ్లతో కబుర్లు చెప్పడం కోసమే నేను మిషన్లు త్వరగా ముగించేవాణ్ణి. ఒబ్సిడియన్ అదే ఓడలో క్రేయా అనే ముసలామెని కూర్చోబెట్టింది. బిచ్చగాడికి డబ్బిస్తే తిడుతుంది, ఇవ్వకుండా బెదిరించినా తిడుతుంది, రెండింటికీ కారణం చూపిస్తుంది. ఆ గేమ్ చివరి భాగం హడావిడిగా ముగించినట్టు ఉంటుంది, కోసేసిన ముక్కల్ని తర్వాత అభిమానులే మోడ్‌గా, అంటే సొంతంగా చేసిన మార్పుగా అతికించారు.

ఇప్పటి కంపెనీల్లో లారియన్. 2023 బాల్డూర్స్ గేట్ 3లో శవాలతో మాట్లాడే మంత్రం ఉంది. నేనే చంపినవాడి శవాన్ని ప్రశ్నించబోతే నాతో మాట్లాడనంటుంది. వేషం మార్చే మంత్రం వేసుకుని వచ్చి అడిగాను, జవాబు చెప్పింది! నాకు కలిగిన ఆలోచన ముందుగా వాళ్లకి కలిగిందన్న ఆనందం వేరు. మూడో అంకంలో నగరం చేరాక పని ఎక్కువై నాకు ఆయాసమొచ్చింది, అది వేరే విషయం.

ఒబ్సిడియన్ 2019లో సొంతంగా కట్టుకున్న ఔటర్ వరల్డ్స్ ఒకసారి పూర్తి చేశాను. ఎక్కడా తప్పు పట్టలేను, మళ్లీ తెరవాలనీ అనిపించలేదు. న్యూ వేగస్ మాత్రం పోయిన వారం ఏడోసారి మొదలుపెట్టాను. గుడ్‌స్ప్రింగ్స్ నుంచి ఈసారి ఉత్తరానికే, నక్కి నక్కి, రాళ్ల చాటున. కందిరీగలు ఇప్పటికి రెండుసార్లు చంపాయి.