బెల్ట్ ఒక్కటే మార్చాలా, పుల్లీలు కూడానా?

రోజూ చీమకుర్తి నుంచి ఒంగోలు తిరిగే నా బైక్‌కి, చెయిన్ బదులు వెనక చక్రాన్ని తిప్పే బెల్ట్ కిచకిచమంటుంటే, ఒక మెకానిక్ విప్పి చూడకుండానే "సెట్ మొత్తం మార్చాలన్నా" అన్నాడు, అంటే బెల్ట్‌తో పాటు అది తిరిగే ముందు, వెనక పళ్ల చక్రాలు (పుల్లీలు) కూడా; ఇంకొకతను బెల్ట్ చాలన్నాడు. మీకూ ఇలాగే చెబితే ముందు శబ్దం ఎక్కడిదో తేల్చుకోండి. సబ్బునీళ్లతో, మెత్తటి బ్రష్‌తో బెల్ట్ కడిగి, ఆరాక నడపండి. గ్రానైట్ లారీలు లేపే దుమ్ము వల్ల వచ్చిన మోతైతే అక్కడితో పోతుంది. మళ్లీ వస్తే వెనక చక్రం వంకరగా కూర్చుందేమో, బెల్ట్ బిగువు (టెన్షన్) ఎక్కువైందేమో చూడాలి. చెయిన్‌కి కొట్టే ఆయిల్ మాత్రం బెల్ట్‌కి అస్సలు కొట్టొద్దు.

పుల్లీ సంగతి వేరు. క్రోమ్ పూత ఉన్న అల్యూమినియం పుల్లీ అయితే, బండి ఆపి, పళ్ల మధ్య గాడిలో చాకు మొనతో ఓ మోస్తరుగా గీయండి. మొన జారిపోతే పూత బాగున్నట్టే. దిగబడి తళుక్కున గీత కనిపించిందంటే పూత పోయి అల్యూమినియం బయటపడినట్టు. నా వెనక పుల్లీలో సరిగ్గా అదే గీత పడింది, పాత బెల్ట్ తిరగేస్తే పళ్ల మొదట్లో పోగులు లేచి ఉన్నాయి. అలాంటి పుల్లీ మీద కొత్త బెల్ట్ వేస్తే అదీ తొందరగానే అరుగుతుంది, డబ్బు రెండుసార్లు పోతుంది. కాబట్టి గీత పడితే నేనైతే సెట్టే మార్పిస్తాను. పుల్లీలు బాగుండి, కంకర రాయి ఇరుక్కుని బెల్ట్ ఒక్కటే చిల్లుపడిందా, బెల్ట్ చాలు. కొత్త బెల్ట్‌ని మాత్రం మడత పెట్టనివ్వకండి, లోపలి పోగులు విరుగుతాయి.